ఒక్క పోగు ఇంగ్లీషు

మొన్న గ్యాసు బండ కోసం ఫోను చేస్తే, తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి "దయచేసి లైనులో ఉండండి" అంది. ఉన్నాను. కాసేపు వీణ వాయించారు. వీణ అయ్యాక మళ్ళీ లైనులో ఉండమంది. చెప్పిన మాట వినే బుద్ధి నాకు ఈ వయసులో గాని రాలేదు కనుక ఇంకా ఉన్నాను. ఈలోగా పొయ్యి మీద పప్పు మాడింది. చిత్రమేమిటంటే, నా ముక్కుకు తగిలింది పప్పు మాడిన వాసన కాదు. చెరువులో ఊరబెట్టిన గోగుకట్టల కంపు. లైను అనే మాటకు ఒక వాసన ఉందని తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద ఇప్పుడు ఇద్దరమే మిగిలామనుకుంటాను. నేనూ, మా చిన్నత్తా.

మాది రాజాంలో గోగునార వ్యాపారం. వీధి వైపు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో నార గోదాము. గోగంటే తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెబుతాను. గోంగూరకు దాయాది. మనిషిని మించి ఎదుగుతుంది. పూతకు వచ్చాక కోసి, కట్టలు కట్టి, చెరువులోనో వాగులోనో ముంచి, పైన మట్టిపెళ్ళలు బరువు పెట్టి కుళ్ళనిస్తారు. బాగా కుళ్ళాక నడుము లోతు నీళ్ళలో దిగి నార ఒలుస్తారు. దాన్ని ఉతికి దండేల మీద ఆరేస్తే, ఎండలో బంగారంలా మెరుస్తుంది. బంగారానికి ఆ కంపు ఉండదు, అంతే తేడా. కార్తీకం వెళ్ళేసరికి మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకటే కంపు. పొరుగు జిల్లా చుట్టాలు బండి దిగుతూనే ముక్కు మూసుకుని "అబ్బ, ఏమిటీ కంపు!" అనేవారు. మేము అటూ ఇటూ చూసి "ఏటి కంపు?" అని నిజంగానే అడిగేవాళ్ళం.

లేత ఆకు మాకు పచ్చడి, నార మాకు వ్యాపారం, ఒలిచేసిన పుల్ల మా పొయ్యిలోకి. ఆ పుల్లల మంట మీద నాయనమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, కాచేది. అందులో ఉల్లిపాయ నంజుకుని తాగి బడికి పోయేవాళ్ళం. నార బళ్ళు వచ్చిన రోజున మాత్రం బడికి ఆలస్యమయ్యేది, ఎందుకంటే తాతయ్య సరుకు చూసే తీరు చూసి తీరాలి. కట్ట విప్పించేవారు కాదు. లోపలికి చెయ్యి పోనిచ్చి ఒక్క పోగు లాగేవారు. వాసన చూసేవారు. తొడ మీద పేనేవారు. తర్వాత రెండు కొసలూ వేళ్ళకు చుట్టుకుని, తెగేదాకా లాగేవారు. ఎక్కడ తెగిందో, ఎలా తెగిందో చూసి ఆ బండెడు సరుకుకూ ధర చెప్పేవారు. ఏదైనా తెగేదాకా లాగకూడదని లోకమంతా అంటుంది. మా ఇంట్లో మాత్రం తెగేదాకా లాగనివాడు కొట్టులో కూర్చోవడానికి పనికిరాడు.

చిన్నత్త అంటే మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. ఆ ఏడు ఎస్సెల్సీ పాసై ఇంట్లో కూర్చుంది. కూర్చుంది అన్నది మాటవరసకే. కిరాణా కొట్లో పొట్లాలు కట్టి ఇచ్చే కాగితం ప్రతిదీ విప్పి చదివేది. ఒకసారి కందిపప్పు పొట్లం మీద సగం కథ దొరికితే, మిగతా సగం కోసం ఇంట్లో పప్పు ఉండగానే మళ్ళీ పప్పు తెప్పించింది. ఆ కథ ఏమైందో తెలియలేదు గాని మేము వారం పాటు పప్పే తిన్నాం.

ఆవిడకు విజయనగరం వెళ్ళి, హాస్టల్లో ఉండి, కాలేజీలో ఇంగ్లీషు చదవాలని ఉంది. తాతయ్యకు ఆవిణ్ణి నరసన్నపేటలో ఉన్న తన చెల్లెలి కొడుక్కిచ్చి మాఘమాసంలో పెళ్ళి చెయ్యాలని ఉంది. ఆ బావ చెడ్డవాడేం కాదు. నెమ్మదస్తుడు. బట్టల కొట్టు. మా ఇంటికి వస్తే పిల్లలందరికీ పీచుమిఠాయి తెచ్చేవాడు. అతని మీద చిన్నత్తకు ఉన్న ఫిర్యాదల్లా ఒకటే: అతను కాలేజీ కాదు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్నత్త ధైర్యం చేసింది.

"నాన్నా, నన్ను కాలేజీలో సేర్పించండి. ఇంగ్లీషు సదువుకుంటాను."

"ఇంగ్లీషేటి సేసుకుంటావే? అమ్ముతావా?" అన్నారు తాతయ్య మజ్జిగ కలుపుకుంటూ.

"నేర్సుకుంటాను."

"ఎంతుంటాదేటి అది?"

"సాలా ఉంటాది నాన్నా. సెప్పలేనంత."

"సెప్పలేనంత సరుకు సూడకుండా ఎవడు కొంటాడే?"

"కన్నకూతురితో కూడా బేరాలేటండీ!" అంది నాయనమ్మ.

"బేరం కాదే, నమూనా," అని తాతయ్య చిన్నత్త వైపు తిరిగారు. "ఒక్క మాట తే. ఇంగ్లీషులోంచి ఒకే ఒక్క మాట, కట్టలోంచి పోగు లాగినట్టు. లాగి సూస్తాను. బాగుంటే కాలేజీ. నేకపోతే మాఘం. మీ అత్త ముహూర్తం పెట్టించడానికి వచ్చిననాడే తేలిపోవాల."

కూతుర్ని చదివించాలా వద్దా అన్నది ఒక్క పోగు లాగి తేల్చడం అన్యాయమని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. చిన్నత్తకు కూడా.

ఏ మాట తేవాలన్నది సమస్య. నేను "ఎలిఫెంటు" అన్నాను. నాకు తెలిసిన ఇంగ్లీషులో అదే అన్నిటికంటే పెద్దది. "పెద్దది కాదే, గట్టిది కావాల," అంది చిన్నత్త. ఆ రోజుల్లోనే మా వీధికి కరెంటు వస్తోంది. స్తంభాలు పాతి తీగలు లాగుతున్నారు. బయట ఎవడో "ఒరే, లైను బిగువుగా లాగరా! ఊగిపోతన్నాది!" అని అరిచాడు. చిన్నత్త చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది.

"ఇదే. అందరూ వాడతన్నారు. ఇంగ్లీషని ఒక్కడికీ గేపకం లేదు."

మర్నాటి నుంచి నాకు కొలువు దొరికింది. ఊళ్ళో తిరిగి ఎవరెవరు ఏ లైను అంటున్నారో వినిరావాలి. కొత్త లైను తెస్తే ఒక నువ్వుండ. ఆ రోజుల్లో నేను బక్కగా ఉండేదాన్ని. ఆ తర్వాత మరెప్పుడూ లేను. బొబ్బిలి లైను బస్సు తెచ్చాను. కిరసనాయిలు కోసం నిలబడే లైను తెచ్చాను. బడిలో ప్రార్థన లైను, రూళ్ళ పుస్తకంలో లైను, చీపురుపల్లిలో రైలు లైను తెచ్చాను. దర్జీ కొట్టు ముందు నిలబడి కోటుకు వేసే లైనింగు తెచ్చాను. దాన్ని లైను కింద లెక్క కట్టాలా వద్దా అని వాదన జరిగి సగం ఉండకు రాజీ అయింది. కొట్టుకు వచ్చిన మధ్యవర్తి ఒకాయన "మీరు మొదట్నుంచీ ఈ లైనేనా?" అని తాతయ్యను అడిగితే, ఆయన జవాబు చెప్పేలోగా నేను లోపలికి పరిగెత్తాను. ఇప్పటి కుర్రాళ్ళు అమ్మాయిలకు వేసే లైను అప్పటికింకా మా ఊరు చేరలేదు. చేరి ఉంటే నాకు ఉండ బదులు వీపు మీద ఇంకోటి దక్కేది.

నేను తెచ్చేకొద్దీ చిన్నత్త మొహం వాడిపోయింది. "ఇవన్నీ ఒక మాటేనా, ఒకే సొక్కా తొడుక్కున్న పదిమందా?" అనేది. నిజమే. బస్సుకూ కోటుకూ కిరసనాయిలుకూ ఏమిటి చుట్టరికం? తాతయ్య ఒక్కసారి లాగితే పీచు పీచయిపోయేలా ఉంది.

అప్పుడు హైస్కూలు ఇంగ్లీషు మాస్టారి దగ్గరకు వెళ్ళాం. చిన్నత్తకు నేను కాపలా. నాకు కాపలా ఎవరన్నది ఎవరూ ఆలోచించలేదు. ఆయన దగ్గర దిండంత నిఘంటువు ఉండేది. మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా, అది ఏ ఇంట పుట్టి ఎవరింట పెరిగి వచ్చిందో కూడా చెప్పే రకం. దాన్ని తువ్వాలులో చుట్టి, చంటిపిల్లనిచ్చినట్టు ఇచ్చారు. "తడి చేతులతో ముట్టుకోకమ్మా," అన్నారు.

చిన్నత్త దాన్ని గోదాము అరుగు మీద, నార కట్టల మధ్య కూర్చుని చదివింది. నేను పక్కనే పుల్లలతో ఇల్లు కడుతున్నాను. చాలాసేపటికి తలెత్తి చూస్తే ఆవిడ చదవడం లేదు. పక్క కట్టలోంచి ఒక పోగు తీసి చేతిలో పెట్టుకుని దాన్నే చూస్తోంది.

"ఒసే, ఇలా రా. లైనంటే ఏటో తెలుసునా?"

"నువ్వుండ."

"నార."

ఆవిడ గొంతు మామూలుగా లేదు. గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మొదట్లో గీత కాదు, తీగ కాదు, వరస కాదు. నారపోగు. ఆళ్ళకి అవిసె సెట్టు ఉండీది. మనం గింజ నూనెకాడిస్తాం సూడు, ఆ అవిసె. దాని నార పేని, ఈ కొస నుంచి ఆ కొసకి బిగించి కట్టి, దాన్ని సూసి గోడ కట్టీవారు. గోడయ్యాక పోగు తీసీసినారనుకో. పోగు లేదు. కానీ అది ఉన్న సోట ఒక తిన్నదనం మిగిలిపోనాది. దానికీ ఆ పేరే పెట్టీసినారు. అదే గీత." ఆవిడ గాలిలో వేలితో గీసింది. "ఆ తిన్నదనంలో మనుషులు నిలబడితే నీ కిరసనాయిలు లైను. దాని మీద ఇనుము పరిస్తే రైలు. అక్షరాలు పేరిస్తే పుస్తకం. ఆ నారతో నేసిన గుడ్డ కోటు లోపల వేసి కుట్టీవారు, అది లైనింగు. నీకు ఇంకో సగం ఉండ రావాల."

నేను చెయ్యి చాపాను. ఆవిడ చూడలేదు.

"ఆ అవిసె నార ఎలా తీసీవారో తెలుసునా? అవిసె మాట దగ్గర అదీ రాసినారు. కోసి, కట్టలు కట్టి, నీళ్ళల్లో ముంచి కుళ్ళబెట్టీవారట."

"కంపు కొట్టదూ?"

"కొట్టీ ఉంటాది," అంది చిన్నత్త. నార వాసన ముక్కునిండా పీల్చుకుని, కళ్ళు మూసుకుంది.

ఆ గుడ్డ నుంచి ఆడవాళ్ళ లోదుస్తులకు కూడా ఒక గౌరవప్రదమైన పేరు పుట్టిందట. అది మాత్రం నేను డిగ్రీకి వచ్చేదాకా ఆవిడ చెప్పలేదు.

అంతా బాగానే ఉంది గాని చివర్లో ఒక చిక్కు. పుస్తకం ఆ మాటను లాటిను దాకా తీసుకుపోయింది, అక్కణ్ణుంచి గ్రీకు దాకా. ఆ తర్వాత ఏమిటో తెలియదని రాసి ఊరుకుంది. తాతయ్య లాగుడు చిన్నత్తకు తెలుసు. ఆయన అక్కడితో ఆగరు. మా ఇంటికి పంచాంగం చెప్పడానికి వచ్చే శాస్త్రిగారికి ఈ సంగతి చెప్పుకుంది. ఆయన దయామయుడు.

"అంత మాత్రానికి దిగులెందుకమ్మా? సంస్కృతంలో 'లీనము' ఉంది కదా. అందులోంచి పుట్టిందను. దొరల మాటకు మన సంస్కృతం తల్లి అంటే మీ నాన్నగారు పొంగిపోతారు. కాదనడానికి గ్రీకులెవరైనా రాజాం వస్తారా?"

గ్రీకులు రారన్నది నిజమే. ఆ తర్వాత రోజుల్లో పెరట్లో బట్టలారేస్తూ చిన్నత్త "లీనము... లీనము..." అని గొణుక్కోవడం విన్నాను. ఆ మాట వల్ల కాలేజీ వస్తుంది. పైగా వినడానికి బాగుంది.

నరసన్నపేట మామ్మ వచ్చింది. తాతయ్యకు ఆవిడ ఒక్కర్తే చెల్లెలు. ఆవిడ నవ్వితే వీధి చివర కుక్క లేచేది. నాయనమ్మ కంద బచ్చలి ఆవకూర చేసింది, బూరెలు వండింది. భోజనాలయ్యాక అందరూ కొట్టు వెనక హాల్లో చేరారు. శాస్త్రిగారు పంచాంగం తెరిచి పెట్టుకున్నారు. చిన్నత్త స్తంభం పక్కన నిలబడింది.

"ఏదే, నీ పోగు తే," అన్నారు తాతయ్య.

"ఏటన్నయ్యా, ముహూర్తానికి పిలిసి ఈ నాటకమేటి?" అంది మామ్మ.

"ఒక్క నిమిషం సెల్లీ. సరుకు సూస్తన్నాను."

చిన్నత్త చెప్పింది. బస్సు దగ్గర మొదలుపెట్టి వెనక్కు నడిచింది. తాతయ్య ప్రతి చోటా ఒకటే అడిగారు: "అంతకు ముందు?" రైలుకు ముందు గీత. గీతకు ముందు తాడు. తాడుకు ముందు నార. నార దగ్గరకు వచ్చేసరికి తాతయ్య ఆనుకున్న దిండు వదిలి ముందుకు వంగారు.

"ఏ సెట్టు?"

"అవిసె."

"ఎలా తీస్తారు?"

"ఊరబెట్టి, నాన్నా."

"నీళ్ళల్లోనా? కుళ్ళబెట్టా?"

"కుళ్ళబెట్టే."

"దొరలా?"

"దొరలే, నాన్నా."

తాతయ్య దొరల కాలంలో పెరిగిన మనిషి. చిన్నప్పుడు దొర గుర్రం ఎదురొస్తే చెప్పులు విడిచి పక్కకు నిలబడినవారు. ఆ దొర తాతముత్తాతలు నడుము లోతు కుళ్ళు నీళ్ళలో నార ఒలుస్తున్న దృశ్యం ఆయన కళ్ళ ముందుకు వచ్చినట్టుంది. తన చేతివేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నారు.

అప్పుడు నాయనమ్మ మాట్లాడింది. ఊరగాయల గురించి తప్ప సభలో నోరెత్తని మనిషి.

"మన మెళ్ళో ఉన్నదాన్నీ సూత్రమనే అంటాం కదా వదినా. సూత్రమంటే దారమే కదండీ, శాస్త్రులు గారూ?"

"దారమేనమ్మా," అన్నారు శాస్త్రిగారు. ఒక క్షణం ఆగి, తనకే అప్పుడు తట్టినట్టు, "లెక్కల సూత్రమూ దారమే. వ్యాకరణ సూత్రమూ దారమే," అన్నారు.

"అయితే ఆళ్ళూ మనమూ ఒకళ్ళకొకళ్ళు సెప్పుకోకుండానే..." అని నాయనమ్మ మధ్యలో ఆపేసింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలిసినా జలదరిస్తూనే ఉంది.

తాతయ్య తేరుకున్నారు. "అంతకు ముందు?"

"లాటిను."

"అంతకు ముందు?"

"గ్రీకు."

"అంతకు ముందు?"

శాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు. ఆయన పెదవులు "లీ" అన్న ఆకారానికి వచ్చి అక్కడే ఆగి, ఆవిణ్ణి ప్రోత్సహిస్తున్నాయి. చిన్నత్త ఆయన్ని చూసింది. పంచాంగాన్ని చూసింది. తల వంచుకుంది.

"తెలీదు నాన్నా. అక్కడ తెగిపోనాది."

"మీ మాస్టారికి?"

"ఆయనకీ తెలీదు."

"ఆ పుస్తకానికి?"

"దానికీ తెలీదు."

"బాగుంది సంబడం!" అంది మామ్మ. "ఆళ్ళ మాట ఆళ్ళకే తెలీనప్పుడు ఇదెళ్ళి ఏటి సదువుతాదన్నయ్యా? శాస్త్రులు గారూ, మాఘంలో మంచిరోజు సూడండి."

చిన్నత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శాస్త్రిగారు నిట్టూర్చి పంచాంగంలో వేలు పెట్టారు. తాతయ్య చెయ్యెత్తి ఆయన్ని ఆపారు.

"తెలీదని పుస్తకంలో రాసుకున్నారా?"

"రాసుకున్నారు."

"అచ్చేసి?"

"అచ్చేసి, నాన్నా."

ఆయన చేతిలో లేని పోగొకటి తొడ మీద పేనుకున్నారు. తర్వాత, ఎవరితోనూ కాకుండా అన్నారు: "ఇన్నేళ్ళ యాపారంలో బండి తోలుకొచ్చిన పెతీవోడూ ఎంత లాగినా తెగదు బాబూ అన్నవోడే. నా సరుకు ఇదిగో ఇక్కడ తెగుతాదని సెప్పి అమ్మినోణ్ణి నేను సూడలేదు." మామ్మ వైపు తిరిగారు. "సెల్లీ, ఈ మాఘానికి కాదు. పిల్ల సదువుకుంటాది."

మామ్మ లేచింది. బొట్టు పెట్టించుకోలేదు, మంచినీళ్ళు తాగలేదు. గుమ్మం దగ్గర ఆగి, "తెగేదాకా లాగేవు అన్నయ్యా. ఇది కూడా ఎక్కడ తెగిందో సూసుకో," అని వెళ్ళిపోయింది.

చిన్నత్త విజయనగరం వెళ్ళింది. తాతయ్య ఉన్నన్నాళ్ళూ మామ్మ మరి మా గుమ్మం తొక్కలేదు. ఏటా ఆవకాయ పెట్టగానే తాతయ్య ఒక జాడీ నరసన్నపేట పంపేవారు. మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పకుండా అది తిరిగి వచ్చేది. ఆయన దాన్ని చూసి "ఈ ఏడు కారం ఎక్కువైనట్టుంది" అనేవారు. ఆ ముక్క అనేటప్పుడు ఎవరి మొహమూ చూసేవారు కాదు. ఆయన పోయిన రోజున మామ్మ వచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ప్లాస్టిక్ సంచులు వచ్చి గోనెసంచుల్ని తరిమేశాయి. గోగు వేసిన పొలాల్లో మొక్కజొన్న వేశారు. నార ఊరబెట్టిన చెరువులో ఇప్పుడు ఇళ్ళు లేచాయి. మా గోదాము ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రాజాంలో ఏ కంపూ లేదు. అభివృద్ధి అంటే అదే కాబోలు.

చిన్నత్త విజయనగరంలోనే ఇంగ్లీషు లెక్చరరయింది. నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటున్నానని ఇంట్లోవాళ్ళకు చెబుతూ ఆవిడ దగ్గర ఉండేదాన్ని. ఒక ఉదయం తలుపు తడితే తీశాను. నరసన్నపేట బావ. కొంచెం లావెక్కాడు, చేతిలో పీచుమిఠాయి ఉంది. అతని పక్కన బస్సులో వాంతులు చేసుకుని వేలాడిపోయిన ఒక ఆడపిల్ల, అతని కూతురు. వెనక, కర్ర పట్టుకుని, మామ్మ.

చిన్నత్తకు నోట మాట రాలేదు. ఇంగ్లీషులో కూడా రాలేదు.

మామ్మ లోపలికి రాకుండా గుమ్మం బయటే అరుగు మీద కూలబడింది. "ఏటే, అలా సూస్తావు? మా అన్నయ్య నిన్ను సదివించి నన్ను ఒదులుకున్నాడు. అంత గొప్ప సదువేటో మా పిల్లకీ సెప్పు. ఊరికే తెంచుకున్నామేటి?"

చిన్నత్త వెళ్ళి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నిమ్మకాయ ముక్క చేతిలో పెట్టి, "ఇంగ్లీషులో ఒక్క మాట సెప్పమ్మా. నీకు తోసింది," అంది. నాతో విజయనగరం కాలేజీ భాష మాట్లాడే మనిషి, ఆ పూట ఆవిడ నోట్లో రాజాం వచ్చేసింది.

ఆ పిల్ల నిమ్మకాయ వాసన చూసుకుంటూ, ప్రపంచంలో ఉన్న అసహ్యమంతా కూడగట్టుకుని, "బస్సు," అంది.

"అది ఒక పెద్ద మాటకి తోకమ్మా. తలా ఒళ్ళూ అరిగిపోయి తోకే మిగిలినాది. ఆ పెద్ద మాట లాటినుది. దానికి 'అందరికీ' అని అర్థం. రాజుగారికి ఒక బండి, జమీందారుకి ఒక బండి ఉంటాయి కదా. ఇది అందరికీ."

"అందరికీనా?" అంది మామ్మ అరుగు మీంచి. "నరసన్నపేట నుంచి ఇందాకా నిలబడే వచ్చేనే నేను!"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బావ కూడా. మామ్మ మాత్రం నవ్వలేదు. వీధి వైపు తిరిగింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, ఏదో పోగు లాగి చూస్తున్నట్టు ఆ మాట మళ్ళీ మెల్లగా అంది.

"అందరికీ."

కర్ర ఊతంగా లేచి, గుమ్మం దాటి లోపలికి వచ్చింది.